మా దగ్గర మెయింటెనెన్స్ చాలా తక్కువండీ!

హైదరాబాదులో అద్దెకి గానీ, కొనడానికి గానీ ఫ్లాటు చూడ్డానికెళ్తే బ్రోకరు నోట్లోంచి నాలుగు మాటలు ఖాయంగా వస్తాయి. మంజీరా నీళ్ళు, తూర్పు ఫేసింగు, హైటెక్ సిటీకి ఇరవై నిమిషాలు (ఆదివారం తెల్లవారుఝామున ఐదింటికి బయల్దేరితే నిజమే లెండి), నాలుగోది "మా దగ్గర మెయింటెనెన్స్ చాలా తక్కువండీ". మొదటి మూడూ అబద్ధాలైనా పెద్ద నష్టం లేదు. నాలుగోది నిజమైతేనే నాకు భయం. చదరపు అడుగుకి రూపాయిన్నర అని గర్వంగా చెప్పే అపార్ట్‌మెంటు కనపడితే ఈమధ్య నేను ఫ్లాటు లోపలికెళ్ళే ముందు డాబా మీదకెళ్ళి పిట్టగోడ చూసొస్తున్నా. పిట్టగోడ పగుల్లోంచి రావిమొక్క మొలిచిందా, వాననీళ్ళ గొట్టం మూతికి ఆకులు అడ్డం పడ్డాయా, అంతే. ఆ అసోసియేషన్ ఎలా నడుస్తోందో అక్కడే తెలిసిపోతుంది.

అసలు మనం నెలనెలా కట్టే మెయింటెనెన్స్‌లో మెయింటెనెన్స్ ఎంత? వాచ్‌మన్ జీతం, మెట్లు ఊడ్చే ఆవిడ జీతం, కామన్ కరెంటు బిల్లు, వేసవిలో నీళ్ళ ట్యాంకర్లు, చెత్తబండి, లిఫ్టు కంపెనీకి ఏడాది కాంట్రాక్టు. లిఫ్టు పక్కన పెడితే ఇవన్నీ రోజువారీ ఖర్చులు. మన భాషలో చెప్పాలంటే సర్వర్ నడపడానికయ్యే కరెంటు బిల్లు. ప్యాచ్‌లు ఎవరేస్తున్నారు, డిస్కు ఎంత నిండింది, బ్యాకప్ తీస్తున్నారు సరే, దాన్ని ఎప్పుడైనా రిస్టోర్ చేసి చూశారా అనేవి ఈ లెక్కలో ఉండవు. ట్యాంకరు రాకపోతే ఉదయం ఏడింటికల్లా వాట్సాప్ గ్రూపు దద్దరిల్లిపోతుంది. ఎర్త్ పిట్‌లో నీళ్ళు పోసి మూడేళ్ళయితే ఎవరికీ తెలీదు. తెలిసే రోజు ఒకటొస్తుంది. ఆరోజు వాట్సాప్‌లో మెసేజి పెట్టే తీరిక ఉండదు.

ఇందులో కమిటీ వాళ్ళని మాత్రమే తిట్టి లాభం లేదు. వాళ్ళకి మనం వేసే మార్కులు అలా ఉన్నాయి. ఏడాది చివర్లో మీటింగులో అడిగేది రెండే ప్రశ్నలు: బ్యాలెన్సు ఎంత మిగిల్చారు, వినాయకచవితి ఎలా చేశారు. బ్యాలెన్సు మిగిల్చిన సెక్రటరీ సమర్థుడు. డాబాకి వాటర్‌ప్రూఫింగ్ చేయించి మూడు లక్షలు ఖర్చుపెట్టిన సెక్రటరీ మీద అనుమానం, "ఆ కాంట్రాక్టరు ఈయన బామ్మర్దికి తెలిసినవాడటగా" అని. చేసిన పని బాగుంటే బయటికి కనపడదు కూడానూ. కురవని డాబాకి ఎవరు చప్పట్లు కొడతారు? అదే డబ్బుతో బయట గోడలకి రంగులేయిస్తే అందరికీ ఆనందం. ఫ్లాటు రేటు కూడా పెరుగుతుంది. రంగుకి ముందు పెయింటరు పగుళ్ళన్నిటికీ పుట్టీ పెడతాడు కదా, దాంతో ఇన్నాళ్ళూ కనపడుతున్న జబ్బు లక్షణాలు కూడా మాయమవుతాయి. లాగ్ ఫైల్ డిలీట్ చేసి ఎర్రర్లు తగ్గాయని రిపోర్టు ఇచ్చినట్టు.

ఇదంతా ఊరికే ఊహించి రాస్తున్నది కాదు. మా అమ్మానాన్నలుండే ఫ్లాటు విశాఖపట్నంలో ఉంది. 1997లో కట్టింది, ఐదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు, సముద్రానికి ఇంచుమించు కిలోమీటరు. నాన్న ప్రావిడెంట్ ఫండ్ డబ్బంతా ఆ గోడల్లోనే ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నా. కిటికీ అద్దాలు పోయాయి, ట్యాంకు మూతలు ఎగిరిపోయాయి. తర్వాత అందరూ తలా ఇంత వేసుకుని అద్దాలు పెట్టించారు, బిల్డింగుకి రంగులేయించారు. అప్పుడే డాబా మీద సన్నగా కారుతోందని, వాటర్‌ప్రూఫింగ్ కూడా చేయించుకుంటే మంచిదని ఒక మేస్త్రీ చెప్పాడు. లక్షా ఇరవై వేలు, అంటే ఫ్లాటుకి ఆరు వేలు. "కారేది పై అంతస్తు వాళ్ళకి కదా, వాళ్ళే చేయించుకోవాలి" అని మిగతా నాలుగంతస్తులూ ఏకగ్రీవంగా తీర్మానించాయి. పై అంతస్తు వాళ్ళు అలిగి బకెట్టు పెట్టుకున్నారు.

కాంక్రీటు గురించి మనలో చాలామందికి ఉన్న అపోహ ఏంటంటే అది రాయి లాంటిదని. ఒకసారి పోస్తే వందేళ్ళు అలాగే ఉంటుందని. లోపల ఇనుప ఊచలున్నాయి. కొత్త కాంక్రీటుకి క్షారగుణం బాగా ఎక్కువ, ఆ క్షారంలో ఉన్నంతకాలం ఊచకి తుప్పు పట్టదు. గాల్లోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ళ తరబడి మెల్లగా లోపలికెళ్ళి ఆ క్షారాన్ని తినేస్తూ వస్తుంది. సముద్రం పక్కనైతే ఉప్పుగాలి కూడా తోడవుతుంది, ఉప్పులో ఉండే క్లోరైడు క్షారం ఉన్నా సరే ఊచని పట్టుకుంటుంది. ఈ రెంటికీ దారి చూపించేది నీళ్ళు. తుప్పు పట్టిన ఇనుము మొదటున్న దానికి రెండింతలు, అంతకన్నా ఎక్కువ చోటు కావాలంటుంది. లోపల చోటుండదు కాబట్టి కాంక్రీటుని చీలుస్తుంది. ఆ చీలికలోంచి ఇంకాస్త నీళ్ళు, ఇంకాస్త తుప్పు. బయటికి మనకి కనపడేది మాత్రం "పెచ్చులూడుతున్నాయండీ, పాత బిల్డింగు కదా".

2022 వర్షాకాలంలో మా మూడో అంతస్తు బాల్కనీ పైనున్న సజ్జ నుంచి తలకాయంత పెచ్చు ఊడి కింద పార్కింగులో పడింది. సాయంత్రం పిల్లలు సైకిళ్ళు తొక్కే చోటు. పడింది మధ్యాహ్నం రెండింటికి, స్కూలున్న రోజు. ఒక స్కూటీ సీటు చిరిగింది, అంతే. సెక్రటరీగారు మొదట అన్నమాట "ఒక బస్తా సిమెంటు తెప్పిస్తే సరిపోద్ది". నాన్నతో సహా నలుగురు పట్టుబడితే ఒక స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలిచారు.

ఆయన పనిచేసే తీరు చూడ్డం కోసమే నేను సెలవు పెట్టుకుని వెళ్ళా. చేతిలో చిన్న సుత్తి. స్తంభం మీద తట్టుకుంటూ వెళ్ళాడు, పుచ్చకాయ కొనేటప్పుడు మనం తట్టినట్టు. కొన్నిచోట్ల ఖణేల్‌మంది, కొన్నిచోట్ల డొల్లగా పలికింది. డొల్ల పలికినచోట సుద్దముక్కతో గీతలు గీశాడు. రెండుచోట్ల కాస్త చెక్కి ఫినాఫ్తలీన్ చల్లాడు. ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబులో టైట్రేషన్‌కి వాడతామే, అదే. కాంక్రీటులో క్షారం మిగిలుంటే గులాబీరంగు వస్తుంది, లేకపోతే తెల్లమొహం వేస్తుంది. మా సెల్లార్లో వాచ్‌మన్ గది పక్కనున్న స్తంభం ఊచ దాకా తెల్లమొహమే వేసింది.

రిపోర్టు వచ్చింది. ఇరవై పేజీలు, ఫోటోలతో. మరమ్మత్తు అంచనా పదహారు లక్షలు, ఫ్లాటుకి ఎనభై వేలు. ఎనిమిదేళ్ళ క్రితం ఫ్లాటుకి ఆరు వేలు! డి సిట్టర్ అనే ఇంజనీరు 1984లో ఒక మోటు లెక్క చెప్పాడు, కాంక్రీటు వాళ్ళంతా దాన్ని ఐదుల సూత్రం అంటారు. కట్టేటప్పుడు సరిగ్గా చెయ్యడానికి ఒక రూపాయైతే, అది వదిలేసి తుప్పు మొదలుకాకముందే చేసే మెయింటెనెన్స్‌కి ఐదు, తుప్పు మొదలయ్యాక ఇరవై ఐదు, అది ముదిరాక నూట ఇరవై ఐదు. డిజైన్‌లో దొరికిన బగ్గుకీ ప్రొడక్షన్లో దొరికిన బగ్గుకీ ఖర్చులో తేడా గురించి ప్రతి ట్రైనింగులోనూ మనకి చూపించే స్లైడు ఇదే కదా. ఆ స్లైడు చూసి తలూపినవాళ్ళలో మా బిల్డింగు ఓనర్ల పిల్లలే ఆరుగురున్నారు, అందరూ ఐటీలోనే.

ఆ రిపోర్టు మీద ఎన్ని మీటింగులయ్యాయనుకున్నారు? ఏడాదిన్నరలో తొమ్మిది. "సెల్లార్లో స్తంభం పాడైతే పార్కింగున్నవాళ్ళు కట్టుకోవాలి" అన్నది ఒక వాదన. (ఆ స్తంభం పార్కింగుని మోస్తోందా, మీ మంచాన్ని మోస్తోందా అని నాన్న అడిగితే ఆయన చాలాసేపు ఆలోచించాడు.) "ఇంకో ఇంజనీరుని పిలిపిద్దాం" అన్నది ఇంకో వాదన. తక్కువ ఖర్చు చెప్పే ఇంజనీరు దొరికేదాకా పిలుస్తూనే ఉందామని దానర్థం. ముగ్గురు ఓనర్లు అమెరికాలో ఉన్నారు, ఒకాయన మెయిలుకి జవాబివ్వలేదు, ఒకాయన "అమ్మేద్దామనుకుంటున్నా, ఇప్పుడు ఖర్చెందుకు" అన్నాడు. నాకు అన్నిటికన్నా గట్టి దెబ్బ తగిలింది ఈ చివరి మాట దగ్గరే. ఆయన అమ్మితే కొనేవాడికి ఈ రిపోర్టు చూపిస్తాడా? రంగేసిన గోడా, తక్కువ మెయింటెనెన్సూ చూపిస్తాడు. ఆయన ఇన్నేళ్ళూ మిగుల్చుకున్న డబ్బు ఎవరో కుర్రాడి హోమ్‌లోన్‌లో కలిసిపోతుంది.

ఇదేదో మన దరిద్రం మాత్రమే అనుకోకండి. 2021 జూన్ 24 అర్ధరాత్రి దాటాక అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం సర్ఫ్‌సైడ్‌లో సముద్రపొడ్డున ఉన్న ఛాంప్లైన్ టవర్స్ సౌత్ అనే 12 అంతస్తుల బిల్డింగులో పెద్ద భాగం కూలిపోయింది. నిద్రలో ఉన్న 98 మంది పోయారు. 1981లో కట్టింది, 136 ఫ్లాట్లు. వార్తల్లో చదివినప్పుడు నేనూ "ఎవరూ చెక్ చెయ్యలేదేమో" అనుకున్నా. చెక్ చేశారు! 2018 అక్టోబరులోనే ఒక ఇంజనీర్ల సంస్థ రిపోర్టు ఇచ్చింది. ఈతకొలను చుట్టూ ఉన్న స్లాబుని వాలు లేకుండా చదునుగా వేశారు, నీళ్ళు నిలిచిపోతున్నాయి, వాటర్‌ప్రూఫింగ్ పోయింది, కింద కాంక్రీటు దెబ్బతింది అని. ఖర్చు సుమారు 91 లక్షల డాలర్లు. తర్వాత జరిగింది మా తొమ్మిది మీటింగుల కథే, ఇంగ్లీషులో. గొడవలు, 2019లో బోర్డు సభ్యుల్లో ఎక్కువమంది రాజీనామాలు. రిజర్వులో ఉన్నది పది లక్షల డాలర్లకన్నా తక్కువ. 2021 ఏప్రిల్‌కి ఖర్చు కోటీ యాభై లక్షల డాలర్లకి చేరింది, పాడైంది ఇంకా ముదిరిందని బోర్డు అధ్యక్షురాలు ఓనర్లకి ఉత్తరం రాశారు. ఒక్కో ఫ్లాటుకి 80 వేల డాలర్ల నుంచి 3 లక్షల 36 వేల దాకా. ఓనర్లు డబ్బు కట్టడం మొదలుపెట్టాల్సిన తేదీ జులై 1. బిల్డింగు వారం ముందే కూలిపోయింది.

కూలడానికి మెయింటెనెన్స్ లోపం ఒక్కటే కారణమని నేననను. ఆ స్లాబు డిజైనే మొదట్నుంచీ కోడ్ ప్రకారం ఉండాల్సినంత బలంగా లేదని అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ చేసిన దర్యాప్తులో తేలింది. కానీ బలహీనమైన డిజైను నలభై ఏళ్ళు నిలబడింది కదా, దాని చుట్టూ ఉన్న నీళ్ళూ తుప్పూ దాన్ని నిలబడనివ్వకుండా ఎప్పుడు చేశాయో చెప్పే రిపోర్టు చేతిలో ఉంది కదా. ఇక్కడ లేనిది ఇన్‌స్పెక్షన్ కాదు. రిపోర్టు వచ్చినరోజున తీసి ఖర్చుపెట్టడానికి డబ్బు లేదు. అప్పటిదాకా ఫ్లోరిడాలో ఓనర్లు ఓటేసుకుని రిజర్వు ఫండు కట్టడం మానేసుకోవచ్చు. 2022లో చట్టం మార్చి, పైకప్పూ, స్తంభాలూ, వాటర్‌ప్రూఫింగ్ లాంటి వాటికి అలా మానేసే వీల్లేదన్నారు. ముప్ఫై ఏళ్ళు దాటిన బిల్డింగులకి తనిఖీ తప్పనిసరి చేశారు. నెలవారీ ఫీజులు భగ్గుమన్నాయి, రిటైరైన వాళ్ళు లబోదిబోమన్నారు, 2025లో కొన్ని సడలింపులిచ్చారు. అంటే నలభై ఏళ్ళు తక్కువ కట్టినదంతా వడ్డీతో సహా ఒక్కసారి వచ్చి మీదపడింది.

అందుకే నా అభిప్రాయం ఇది: ఫండు లేకుండా చేయించే ఇన్‌స్పెక్షన్ భయపడ్డానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ముందు ఫండు, తర్వాత సుత్తి. మహారాష్ట్ర హౌసింగ్ సొసైటీల నమూనా బైలాస్‌లో ఈ విషయం సూటిగా ఉంది. సింకింగ్ ఫండు కింద ప్రతి ఫ్లాటూ నిర్మాణ ఖర్చులో ఏడాదికి కనీసం 0.25 శాతం కట్టాలి (స్థలం ఖరీదు కలపరు). మరమ్మత్తుల ఫండుకి ఇంకో 0.75 శాతం. పదిహేనేళ్ళు దాటిన బిల్డింగుకి ఐదేళ్ళకోసారి, ముప్ఫై దాటితే మూడేళ్ళకోసారి స్ట్రక్చరల్ ఆడిట్. ముంబయిలో ప్రతి సొసైటీ ఇది పాటిస్తుందని కాదు, కాగితం మీదన్నా ఉంది. నిర్మాణ ఖర్చు ముప్ఫై లక్షలనుకుంటే 0.25 శాతం అంటే ఏడాదికి ఏడున్నర వేలు, నెలకి 625 రూపాయలు. ఒక ఓటీటీ, ఒక బిర్యానీ. మా విశాఖ బిల్డింగు బైలాస్ తీసి చూశాను. పదకొండు పేజీలు. బాల్కనీలో బట్టలారేసే విషయమ్మీద ఒక పేరా ఉంది, స్తంభాల మాట ఎక్కడా లేదు.

"నెలకి ఆరొందలు పెద్ద కష్టం కాదు గానీ, ఆ డబ్బు తినరని గ్యారంటీ ఏంటి?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అరవై ఫ్లాట్లు నెలకి ఆరొందలు వేసుకుంటే పదేళ్ళకి వడ్డీ కలపకుండానే నలభై మూడు లక్షలు పైన అవుతుంది. అంత డబ్బు ఖాతాలో ఉంటే సెక్రటరీ పదవికి పోటీ మొదలవుతుంది, ఇప్పుడు బతిమాలినా రానివాళ్ళు ఎగబడతారు :) దానికి మందు డబ్బు కూడబెట్టకపోవడం కాదు. వేరే ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్, ఇద్దరి సంతకాలు, మూడునెల్లకోసారి స్టేట్‌మెంటు లిఫ్టు పక్కన నోటీసు బోర్డు మీద. జనరల్ బాడీ తీర్మానం లేకుండా తియ్యకూడదు, వినాయకచవితికి అసలే తియ్యకూడదు.

ఇప్పుడు ఇన్‌స్పెక్షన్ సంగతి. ఇక్కడ మాత్రం నేను "అన్నీ ప్రతినెలా చెక్ చెయ్యండి" అనే బ్యాచి కాదు. మెకానికల్ చదివి కోడు రాసుకుంటున్న లక్షల మందిలో నేనొకణ్ణి, మెయింటెనెన్స్ సబ్జెక్టులో గుర్తున్న రెండు కథలు చెప్తా. రెండో ప్రపంచయుద్ధంలో వాడింగ్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త (ఈయన అసలు జీవశాస్త్రం మనిషి) జలాంతర్గాముల మీద నిఘా తిరిగే విమానాల రిపేర్ల లెక్కలు తీశాడు. యాభై గంటలు ఎగిరాక ఒకసారి విమానం మొత్తం చెక్ చేసేవాళ్ళు. చెక్ చేశాక రిపేర్లు తగ్గాలి కదా? సరిగ్గా చెకింగ్ అయిన వెంటనే ఎక్కువగా వస్తున్నాయి, తర్వాత తర్వాత తగ్గుతున్నాయి! బాగున్నవాటిని విప్పి, కదిపి, మళ్ళీ బిగించడంలోనే పాడుచేస్తున్నారన్నమాట. శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్లో చెయ్యిపెట్టినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. రెండో కథ 1978లో నోలన్, హీప్ అనే ఇద్దరు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు రాసిన రిపోర్టు. విమాన భాగాల్లో 89 శాతానికి "ఇన్నేళ్ళయింది కాబట్టి మార్చెయ్" అనే పద్ధతి వల్ల ఉపయోగం లేదని, వాటి పాడవడానికీ వయసుకీ సంబంధం కనపడలేదని తేల్చారు.

దీన్నిబట్టి నేను అర్థం చేసుకున్నది: తరచుగా చూడాలి, అరుదుగా విప్పాలి, చూసినప్పుడల్లా అంకె రాయాలి. ఈ మూడోది మనదగ్గర పూర్తిగా సున్నా. పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో ఇప్పుడు ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ కంపెనీలున్నాయి, యాప్‌లున్నాయి, నెలకి వంద ఐటమ్‌ల చెక్‌లిస్టు ఉంది, అన్నిటికీ పచ్చ టిక్కులు. నేను అద్దెకున్న చోట ఒక నెల చెక్‌లిస్టు ఆసక్తికొద్దీ అడిగి తెప్పించుకున్నా. తొంభై ఆరు ఐటమ్‌లు, అన్నీ ఒకేరోజు, పదకొండు నిమిషాల్లో పూర్తయినట్టు టైమ్‌స్టాంపులు. మనవాళ్ళు యూనిట్ టెస్టుల్లో కవరేజీ కోసం ఏం రాస్తారో గుర్తొచ్చింది.

"ఎర్తింగ్: ఓకే" అనే టిక్కులో ఏముంది? పోయినేడాది రెండు ఓమ్‌లు, ఈ ఏడాది ఆరు ఓమ్‌లు అని రాసి ఉంటే ఎలక్ట్రీషియన్ కానివాడికి కూడా ఏదో తేడా ఉందని తెలుస్తుంది. "జనరేటర్: ఓకే" కాదు, ఫలానా తేదీన లోడు మీద పదిహేను నిమిషాలు నడిపాం, బ్యాటరీ ఓల్టేజి ఇంత. సంపుని మనుషులు దిగి కడిగింది ఏ తేదీన, దాని ఫోటో. పగులుంటే దానికి అటూఇటూ పెన్సిలుతో రెండు గీతలు గీసి, తేదీ వేసి, ఆర్నెల్లకోసారి స్కేలు పెట్టి కొలవడం. ఖర్చు: ఒక పెన్సిలు. లిఫ్టు కాంట్రాక్టులో విడిభాగాలు కలిసి ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. కలిసి లేకపోతే పార్టులు పోయేకొద్దీ వాళ్ళకి ఆదాయం, కలిసి ఉంటే పార్టులు పోకుండా చూసుకోవడం వాళ్ళ అవసరం. ఏడాదికి కాస్త ఎక్కువైనా నేను రెండోదానికే ఓటేస్తా.

కొన్నిటికి మాత్రం ఈ లెక్కలేవీ అక్కర్లేదు, కళ్ళు చాలు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో మంటలొస్తే ఆరుగురు పొగకి ఊపిరాడక చనిపోయారు. అందరూ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ పిల్లలు, ఊళ్ళనుంచి ఉద్యోగాలకని వచ్చినవాళ్ళు. మంటకన్నా పొగ ముందొస్తుంది, పొగలో మనిషికి ఉన్న ఒకే ఒక్క దారి మెట్లు. మీ మెట్ల మీద ఇవాళ ఏమేం ఉన్నాయో ఓసారి గుర్తుతెచ్చుకోండి: చెప్పుల స్టాండు, పాత కూలరు, ఎవరిదో ట్రెడ్‌మిల్లు. 2025 ఫిబ్రవరిలో మాసబ్‌ట్యాంక్ దగ్గర శాంతినగర్లో ఒక అపార్ట్‌మెంటులో ఆరేళ్ళ బాబు లిఫ్టుకీ గోడకీ మధ్య ఇరుక్కుని ప్రాణం పోగొట్టుకున్నాడు. లిఫ్టు ఉన్న ప్రతిచోటా ఒక పని చెయ్యొచ్చు. తలుపు పూర్తిగా పడకుండానే లిఫ్టు కదులుతోందా, తలుపు తీసి ఉండగా కదులుతోందా అన్నది గమనించడం. ఒక్కసారి అలా కదిలినా ఆపేసి తాళం వెయ్యాలి. "నిన్న ఒకసారి అలా అయింది, మళ్ళీ బాగానే ఉంది" అనేది మన ఆఫీసుల్లో అయితే పి-వన్ టికెట్టు.

ఇన్ని చెప్పుకున్నాక ఒక మనిషి గురించి చెప్పకపోతే అన్యాయం. ప్రతి బిల్డింగులోనూ ఇరవైనాలుగ్గంటలూ పనిచేసే సెన్సర్ ఒకటుంది, దాన్ని ఎవరూ చదవరు. వాచ్‌మన్. మోటారు శబ్దం మారిందని, మూడో స్తంభం దగ్గర చెమ్మ పైకెక్కుతోందని, లిఫ్టు గుంతలో వానాకాలమంతా నీళ్ళుంటాయని అతనికి తెలుసు. సెక్రటరీకి చెప్తే "ముందు కార్లు తుడువు" అంటారు కాబట్టి చెప్పడం మానేశాడు. మా విశాఖ బిల్డింగులో ఆ సెల్లార్ స్తంభం గురించి అడిగితే వాచ్‌మన్ భార్య అంది, "నాలుగేళ్ళ నుంచి రాలుతోంది బాబూ, రోజూ పొద్దున్నే ఊడుస్తన్నాను కదా" అని. ఇరవై పేజీల రిపోర్టులో ముఖ్యమైన వాక్యం ఆవిడ చీపురు నాలుగేళ్ళుగా రాస్తూనే ఉంది. ఇంకో సంగతి, చాలా అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ కుటుంబం పడుకునేది సెల్లార్లో, మీటర్ బోర్డుల పక్కనే. ప్యానెల్లో వదులైన బోల్టు వేడెక్కి నిప్పు రాజుకుంటే మొదట పొగ చేరేది ఆ గదికే. ఓటు లేనివాళ్ళ గదికి. అద్దెకున్న మనక్కూడా మీటింగులో ఓటు లేదు గానీ, మనం కనీసం ఇల్లు మారగలం.

మా రిపోర్టు సంగతి అడుగుతారేమో. ఇరవైలో పద్నాలుగు ఫ్లాట్లు డబ్బు కట్టాయి. దాంతో సెల్లార్ స్తంభాలు నాలిగింటికి తుప్పు గీకించి, పాడైన కాంక్రీటు తీసి మళ్ళీ పోయించారు, వాచ్‌మన్ కుటుంబాన్ని అప్పటిదాకా పక్కన అద్దెగదిలో పెట్టారు. సజ్జలు, డాబా మిగిలాయి. ఫ్లాటు అమ్మేస్తానన్నాయన అమ్మేశాడు. కొన్న కుర్రాడు గచ్చిబౌలిలో టెస్టింగ్‌లో చేస్తాడట. రిపోర్టు కాపీ నాన్నే వెళ్ళి ఇచ్చొచ్చారు, రిజిస్ట్రేషన్ అయిపోయిన తర్వాత.

కొత్త ఫ్లాట్లు కొన్నవాళ్ళకి ఒక ఉపయోగపడే ముక్క. 2016 రెరా చట్టం సెక్షన్ 14 ప్రకారం పొసెషన్ ఇచ్చిన తేదీ నుంచి ఐదేళ్ళలోపు స్ట్రక్చర్లోగానీ పనితనంలోగానీ లోపం చూపిస్తే బిల్డరు 30 రోజుల్లో పైసా తీసుకోకుండా బాగుచెయ్యాలి. ఐదేళ్ళు దాటాక చూపిస్తే ఆ హక్కు ఉండదు. కాబట్టి నాలుగో ఏడు నిండగానే, ఒక వానాకాలం అయిపోయాక, బిల్డరుతో సంబంధం లేని ఇంజనీరుని పిలిచి మొత్తం చూపించి, ఫోటోలతో రాతపూర్వకంగా బిల్డరుకి పంపించి రసీదు తీసుకోండి. ఇంజనీరు ఫీజు అందరూ పంచుకుంటే ఫ్లాటుకి పడేది కొద్ది మొత్తమే. 2022లో తాళాలు తీసుకున్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ముందు ఆ పొసెషన్ లెటర్ మీద తేదీ ఎంతుందో చూడండి.